ప్రభుత్వ ఆరోగ్య సంస్కరణల మీద పరిశోధనలు చదవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ ద్వారకానగర్‌లో ఆదివారం పొద్దున కొంతమందిమి కూర్చుని, ప్రభుత్వ ఆరోగ్య పథకాల మీద వచ్చిన అధ్యయనాలు చదువుతుంటాం. రిటైరైన టీచర్లు, నర్సింగ్ విద్యార్థులు, ఒక ఆశా కార్యకర్త, ఒకరిద్దరు విలేకరులు వస్తారు. కొత్తవాళ్లు చేరినప్పుడల్లా అవే సందేహాలు మళ్లీ మొదలు. ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పే ఓపిక అయిపోయి ఇలా రాసి పెట్టాం. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా అక్కడికి వెళ్లొచ్చు. ఇందులో ‘పత్రం’ అంటే పరిశోధన పత్రం, ‘పేపర్’ అంటే పొద్దున్నే గుమ్మం ముందు పడేది.

## చదవడం మొదలుపెట్టే ముందు

నేను డాక్టర్‌ని కాను, లెక్కల్లో వీక్. ఇవి చదివితే నాకేమైనా అర్థమవుతుందా?

అవుతుంది. జాలరిపేటలో చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూస్తాం. దానికి చేపల శాస్త్రం చదవక్కర్లేదు. పత్రంలోనూ ఎత్తి చూడాల్సినవి నాలుగే: ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, ఎవరితో పోల్చారు, ఎంతకాలం చూశారు, దేన్ని ఫలితం అన్నారు. కూడికలు, శాతాలు వస్తే పట్టికలు చదవగలరు. మా బృందంలో ఎక్కువసార్లు తప్పు పట్టుకునేది స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు కాదు, ఆశా కార్యకర్త. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపిన మనిషికి ఏ గడిలో ఏం రాస్తారో తెలుసు.

సంస్కరణ అంటే ఏంటసలు? ఆసుపత్రికి కొత్త బిల్డింగ్ కట్టినా సంస్కరణేనా?

బిల్డింగ్ ఒక్కటే అయితే కాదు. డబ్బు ఎవరు కడతారు, వైద్యం ఎవరు చేస్తారు, రోగి అక్కడికి ఎలా చేరతాడు, తప్పు జరిగితే ఎవరు జవాబు చెప్పాలి అన్న ఏర్పాట్లలో మార్పు రావాలి. 2005లో వచ్చిన 108 అంబులెన్స్ రోగిని చేర్చే దారి మార్చింది. అదే ఏడాది మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఊరూరా ఆశాలను తెచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ బిల్లు కట్టే చెయ్యి మార్చింది. ఏది మార్చారో దాన్నిబట్టే ప్రశ్న వేయాలి. పెద్ద ఆపరేషన్ల ఖర్చు కోసం పెట్టిన పథకాన్ని పట్టుకుని ఏజెన్సీలో మలేరియా ఎందుకు తగ్గించలేదంటే తప్పు ప్రశ్నలోనే ఉంది.

ఆరోగ్యశ్రీ మీద అధ్యయనాలు వెతికితే సగమే దొరుకుతున్నాయి. ఎందుకని?

పేరు మారుతూ వచ్చింది కాబట్టి. రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, డాక్టర్ వైఎస్ఆర్ ఆరోగ్యశ్రీ, 2024 నుంచి మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. అన్ని పేర్లతోనూ వెతకండి. 2014కు ముందు అధ్యయనాల్లో ‘ఆంధ్రప్రదేశ్’ అంటే తెలంగాణ కూడా కలిసిన 23 జిల్లాల రాష్ట్రమని గుర్తుంచుకోండి.

పేపర్లో వచ్చింది, మంత్రిగారు చెప్పారు, జర్నల్లో అచ్చయింది. ఏది నమ్మాలి?

ఎక్కడ వచ్చిందన్నది రెండో సంగతి. ఎలా లెక్కగట్టారో చెప్పారా అన్నది మొదటిది. ప్రభుత్వ నివేదిక అయినా శాంపిల్, ప్రశ్నావళి, పరిమితులు రాసి ఉంటే విలువైనదే. జర్నల్లో వచ్చినా పద్ధతి రాయకపోతే పక్కన పెట్టొచ్చు. పైగా డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నళ్లు బోలెడు. పేపర్లో వార్త చూస్తే అసలు పత్రం దొరికేదాకా ఆగండి. ‘తగ్గవచ్చు’ అని పత్రంలో ఉన్నది హెడ్డింగులోకి వచ్చేసరికి ‘తగ్గింది’ అయిపోతుంది.

గూగుల్‌లో మొదట కనిపించిన అధ్యయనం చదివితే చాలదా?

చాలదు. ఒకే ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నీ ముందే రాసుకున్న నియమం ప్రకారం వెతికి, జల్లెడ పట్టి, కలిపి చూపించే సమీక్షలు ఉంటాయి. 1993లో మొదలైన కొక్రేన్ సంస్థ పని ప్రధానంగా ఇదే. సమీక్ష దొరికితే ముందు అది చదివి, తర్వాత విడి పత్రాలకు రండి.

## పత్రం చేతికొచ్చాక

సారాంశం చదివితే సరిపోదా? 20 పేజీలు ఎవరు చదువుతారు?

మేమూ 20 పేజీలు వరసగా చదవం. సారాంశం చూసి, నేరుగా పద్ధతుల భాగానికి వెళ్తాం. తర్వాత మొదటి పట్టిక. పథకం అందినవాళ్లు, అందనివాళ్లు మొదట్లో ఎలా ఉన్నారో అక్కడే తెలుస్తుంది. ఒక వైపు చదువుకున్న కుటుంబాలు, ఇంకో వైపు కూలీలు ఉంటే చివర్లో కనిపించే తేడా పథకానిదో చదువుదో చెప్పలేం. ముగింపు ఆఖర్న చదవండి. అది రచయితల అభిప్రాయం.

పథకం రాకముందు ఇన్ని మరణాలు, వచ్చాక ఇన్ని. తగ్గాయి కదా, ఇంకేం రుజువు కావాలి?

పథకం రాకపోయినా తగ్గేవేమో అన్న ప్రశ్నకు జవాబు కావాలి. రోడ్లు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, ఆడపిల్లల చదువు పెరిగింది. శిశు మరణాలు అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే తగ్గుతూ వస్తున్నాయి. అందుకే ‘ముందు, తర్వాత’ మాత్రమే చూపించే పత్రాన్ని మేం పెద్దగా లెక్కచెయ్యం.

ఆరోగ్యశ్రీ విషయంలో పోలికకు ఒక మంచి అవకాశం దొరికింది. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, 2008 మధ్యకల్లా దశలవారీగా రాష్ట్రమంతా వచ్చింది. కొంతకాలం పాటు కొన్ని జిల్లాలకు ఉంది, కొన్నింటికి లేదు. ఆ వ్యవధిని వాడుకుని పరిశోధకులు కుటుంబాల ఖర్చులు పోల్చి చూశారు. అయితే ఆ మూడూ చీటీ తీసి ఎంచినవి కావు, వెనకబడినవని ఎంచినవి. మొదట్లోనే తేడా ఉన్న జిల్లాలను పోల్చేటప్పుడు దాన్ని ఎలా సర్దుబాటు చేశారో పత్రంలో కచ్చితంగా వెతకండి.

లాటరీ తీసి కొందరికే బీమా ఇచ్చి పరీక్ష చేస్తారా? అన్యాయం కాదా?

అందరికీ ఇవ్వడానికి డబ్బు లేనప్పుడు లాటరీయే న్యాయమైన పద్ధతి అవుతుంది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2008లో సరిగ్గా అదే చేసింది. పేదల బీమాలో ఖాళీలు తక్కువ, పేర్లు ఇచ్చుకున్నవాళ్లు దాదాపు 90 వేలు. చీటీలు తీసి సుమారు 30 వేలమందికి దరఖాస్తు చేసుకునే అవకాశం ఇచ్చారు. చీటీ తగిలినవాళ్లకీ తగలనివాళ్లకీ అదృష్టం తప్ప వేరే తేడా లేదు. కాబట్టి తర్వాత కనిపించిన తేడా బీమాదే అని గట్టిగా చెప్పగలిగారు.

మన దేశంలోనూ కర్ణాటకలో రెండు జిల్లాల్లో, పేదలకు ఆసుపత్రి ఖర్చులిచ్చే కేంద్ర పథకం రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన మీద, 10 వేలకు పైగా కుటుంబాలతో ఇలాంటి ప్రయోగం జరిగింది. బీమా వాడకం పెరిగింది. ఆరోగ్యంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

లాటరీ తీయని పథకాల సంగతేంటి? వాటి మీద వచ్చినవన్నీ పనికిరావా?

ఎందుకు పనికిరావు? మన పథకాల్లో చాలావాటికి లాటరీ లేదు. అప్పుడు ఎక్కువగా వాడేది ‘తేడాల్లో తేడా’ పద్ధతి. మన రాష్ట్రంలో వచ్చిన మార్పులోంచి, అదే కాలంలో పథకం లేని రాష్ట్రంలో వచ్చిన మార్పును తీసేస్తారు. మిగిలింది పథకం ఖాతాలో వేస్తారు.

ఇది నిలబడాలంటే పథకానికి ముందు రెండు రాష్ట్రాలూ ఒకే తీరున నడుస్తూ ఉండాలి. ఆ పాత ఏళ్ల గీతలు పత్రంలో చూపించారా? 2004కూ 2012కూ మధ్య ఆంధ్రప్రదేశ్‌ను మహారాష్ట్రతో పోల్చిన అధ్యయనాలు ఉన్నాయి. ఉన్నది రెండు సర్వేలే అయితే ఆ గీత గీయడానికి చుక్కలే చాలవు. పైగా మహారాష్ట్ర కూడా 2012 జులైలో 8 జిల్లాల్లో అదే తరహా పథకం మొదలుపెట్టింది. పోల్చడానికి తీసుకున్న చోట అప్పటికే ఏమైనా మొదలైందా అని తారీకులు చూసుకోవడం అందుకే.

ఒకే పథకం మీద ఒకరు పనిచేసిందంటారు, ఇంకొకరు లేదంటారు. ఎవరిది అబద్ధం?

ఇద్దరిదీ కాకపోవచ్చు. 2005లో వచ్చిన జననీ సురక్ష యోజన, అంటే ఆసుపత్రిలో కాన్పు చేయించుకుంటే నగదు ఇచ్చే పథకం, దీనికి మంచి ఉదాహరణ. 2010లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, డబ్బు అందిన తల్లులను అన్ని విధాలా వాళ్లలాంటి, డబ్బు అందని తల్లులతో జతకట్టి పోల్చారు. నవజాత శిశు మరణాలు ప్రతి 1,000 మందికి 2 కంటే కాస్త ఎక్కువ తగ్గినట్టు తేలింది. అదే పత్రంలో జిల్లాను జిల్లాతో పోల్చిన లెక్కలో ఆ తగ్గుదల పట్టుబడలేదు.

పత్రం ఒకటే, పద్ధతులు వేరు, జవాబులు వేరు. ఆసుపత్రికి వెళ్లి డబ్బు తీసుకున్న తల్లి మొదటి నుంచీ కాస్త చొరవ ఉన్న మనిషేమో, దారి దగ్గరేమో. ఆ చొరవ ఏ పట్టికలోనూ ఉండదు. అందుకే మా మొగ్గు జిల్లాల పోలిక వైపే.

## అంకెల దగ్గర

జేబు ఖర్చు 64 శాతం నుంచి 39కి తగ్గిందట. మరి మా ఇంట్లో ఎందుకు తగ్గలేదు?

మాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అంకెలు నిజమే: జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. కానీ ఇవి మీ ఇంటి ఖర్చులో శాతాలు కావు. దేశం మొత్తం ఆరోగ్యం మీద పెట్టిన ఖర్చులో ప్రజలు సొంతంగా పెట్టుకున్న వాటా. ప్రభుత్వం 30 రూపాయలు, మీరు 60 పెడితే మీ వాటా దాదాపు 67 శాతం. ప్రభుత్వం 60 పెట్టి, మీరూ అదే 60 పెడితే వాటా 50 శాతం. మీ జేబులోంచి పోయింది మాత్రం అంతే.

రెండో సంగతి, ఇంటి ఖర్చుల అంచనాకు ప్రధాన ఆధారం నేషనల్ శాంపిల్ సర్వే. అది ఏటా జరగదు. 2014లో జరిగాక మళ్లీ 2017-18లో జరిగింది. ఆసుపత్రిలో చేరిన ఖర్చుకు గడిచిన 365 రోజులు, మామూలు జబ్బులకు గడిచిన 15 రోజులు గుర్తు చేసుకుని చెప్పమంటారు. ఏడాది కిందటి బిల్లు ఎంతమందికి గుర్తుంటుంది?

మూడోది, జనం ఆసుపత్రికి వెళ్లడం మానుకున్నా ఖర్చు తగ్గినట్టే కనిపిస్తుంది. వైద్యం చవకై తగ్గిందా, వైద్యం చేయించుకోక తగ్గిందా అన్నది వాటా ఒక్కటీ చూసి చెప్పలేం. షుగరు, బీపీ మాత్రలకు నెలనెలా మందుల షాపులో పెట్టే డబ్బు ఆపరేషన్ల బీమాతో తగ్గదు. చాలా ఇళ్లల్లో అసలు బరువు అదే.

విశాఖ జిల్లా ఆరోగ్య లెక్కలు 2022 తర్వాత బాగా మెరుగయ్యాయి కదా?

జిల్లాయే మారిపోయింది. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లా విడిపోయి విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లోకి వెళ్లింది. 2011 జనాభా లెక్కల్లో పాత జిల్లా సుమారు 43 లక్షలు. అదే లెక్కన కొత్త జిల్లా దాదాపు 20 లక్షలు, అందులో ఎక్కువ భాగం నగరమే. పాడేరు, అరకు, చింతపల్లి, ముంచంగిపుట్టు వేరే జిల్లా పద్దులోకి వెళ్లాయి.

లెక్క కోసం ఊహించుకుందాం. ఏజెన్సీలో 10 వేల కాన్పులు, ప్రతి 1,000కి 50 శిశు మరణాలు. మైదానంలో 20 వేల కాన్పులు, ప్రతి 1,000కి 20 మరణాలు. కలిపి చూస్తే 900 మరణాలు, రేటు 30. ఏజెన్సీని పక్క పద్దులో రాసేస్తే మిగిలినదాని రేటు ఆ మర్నాడే 20. ఒక్క బిడ్డ కూడా అదనంగా బతకలేదు. గీత మారింది, అంతే.

2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ‘విశాఖపట్నం’ అంటే పాత ఉమ్మడి జిల్లా. దాని పక్కన ఇప్పటి జిల్లా అంకె పెట్టి బాణం గుర్తు వేసిన స్లైడు ఎవరైనా చూపిస్తే అక్కడే ఆపండి. మండలాల వారీగా పాత లెక్క విడదీశారా అని అడగండి.

విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో (కేజీహెచ్) చనిపోయేవాళ్ల శాతం ప్రైవేటు కంటే ఎక్కువ. వైద్యం బాగోలేదనేగా?

అంత తేలిగ్గా అనలేం. 1923 నుంచి నడుస్తున్న ఈ ఆసుపత్రికి శ్రీకాకుళం, విజయనగరం, ఏజెన్సీ, ఒడిశా దక్షిణ జిల్లాల నుంచి రోగులు వస్తారు. రెండు మూడు చోట్ల తిరిగి, డబ్బు అయిపోయి, ఆఖర్న వచ్చేవాళ్లూ ఉంటారు. అలాంటి రోగులు ఎక్కువగా వచ్చే చోట ఎంత మంచి వైద్యం చేసినా మరణాల శాతం ఎక్కువే ఉంటుంది. వచ్చేటప్పటికి జబ్బు ఎంత ముదిరింది, వయసెంత, ఇతర జబ్బులేంటి అన్నవి సర్దుబాటు చేశాకే పోల్చాలి. ఇంకొకటి, ‘ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అనిపించుకుని వెళ్లిపోయిన రోగి ఏ ఆసుపత్రి మరణాల పుస్తకంలోకీ ఎక్కడు.

‘సగానికి సగం తగ్గింది’ అంటే గొప్పేగా?

ఎంతలో సగం? లక్షకు 2 నుంచి 1కి వచ్చినా సగమే, వందకు 40 నుంచి 20కి వచ్చినా సగమే. శాతం పక్కన అసలు సంఖ్య అడగండి.

మా మండలంలో నిరుడు ఇద్దరు తల్లులు చనిపోయారు, ఈ ఏడు ఒక్కరూ లేరు. పథకం పనిచేసినట్టేనా?

సంతోషమే గానీ రుజువు కాదు. అంత చిన్న సంఖ్యలు ఊరికే ఎగిరి పడుతుంటాయి. మాతృ మరణాలు అరుదు కాబట్టే శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ రాష్ట్రస్థాయిలో కూడా మూడేళ్లు కలిపి లెక్క ఇస్తుంది. 2018-20 మధ్య ప్రాణంతో పుట్టిన లక్షమంది బిడ్డలకు ఆంధ్రప్రదేశ్‌లో 45, దేశంలో 97. రాష్ట్రానికే మూడేళ్లు కావాల్సి వస్తే మండలానికి ఒక్క ఏడాది ఏం సరిపోతుంది?

‘గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా లేదు’ అంటే పథకం దండగనేగా?

కాదు. ‘తేడా లేదని తేలింది’ వేరు, ‘తేడా ఉందో లేదో తేలలేదు’ వేరు. అంచనా పక్కన ఇచ్చే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు ప్రభావం ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో చెప్పే హద్దులు, చూడండి. అది సన్నగా సున్నా చుట్టూ ఉంటే ప్రభావం లేదనుకోవచ్చు. వెడల్పుగా ఉంటే ఏమీ తేలనట్టే.

లాటరీ తీసి బీమా ఇచ్చిన ఒరెగాన్‌లో రెండేళ్లకు రక్తపోటు, కొలెస్టరాల్, షుగరులో స్పష్టమైన మెరుగుదల తేలలేదు. బీమా దండగ అని కొందరు రాసేశారు. అదే ప్రయోగంలో డిప్రెషన్ దాదాపు 9 శాతం పాయింట్లు తగ్గింది, వైద్యం కోసం అప్పులపాలవడం తగ్గింది, షుగరు ఉందని కొత్తగా బయటపడినవాళ్లు పెరిగారు. బీమా మొదటి పని అప్పుల నుంచి కాపాడడం. ఆ పని అది చేసిందనే నా ఉద్దేశం.

ఆసుపత్రి కాన్పులు 96 శాతం దాటాయి. ఇంతకంటే ఏం కావాలి?

ఆసుపత్రి కాన్పు దారి మాత్రమే. చేరాల్సింది తల్లీబిడ్డల క్షేమం. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పులు 96.5 శాతం, సిజేరియన్లు 42.4 శాతం. దేశం సగటు సిజేరియన్లు 21.5 శాతమే. రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే సంబరం కాస్త తగ్గుతుంది. ఆ మిగిలిన 3.5 శాతం ఎక్కడున్నారో కూడా వెతకండి. డోలీ కట్టి గర్భిణిని కొండ దింపే గూడేలు సగటులో కనిపించవు.

ప్రభుత్వ పోర్టల్లో లైవ్ లెక్కలున్నాయిగా, సర్వేలెందుకు?

పోర్టల్ లెక్క సేవ ఇచ్చినవాళ్లు ఎక్కించేది. డబ్బు దానికి ముడిపడితే ఎక్కించే తీరు మారుతుంది. ఆయుష్మాన్ భారత్ మీద 2023లో వచ్చిన, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక, ఒకే మొబైల్ నంబరుకు దాదాపు 7.5 లక్షలమంది లబ్ధిదారులు ముడిపడి ఉన్నారని బయటపెట్టింది. ఫోన్ నంబరుతో గుర్తింపు సరిచూడరు కాబట్టి దానివల్ల నష్టం లేదని ప్రభుత్వం అంది. అది నిజమే అయినా, ఆ గడి నింపినవాళ్లు మిగతా గడులు ఎంత శ్రద్ధగా నింపారన్న అనుమానం పోదు.

## మన ఊరికి వర్తింపజేసేటప్పుడు

థాయ్‌లాండ్‌లో అందరికీ వైద్యం అద్భుతంగా పనిచేసిందట. ఇక్కడా పెడితే పోలా?

అక్కడి డబ్బులో 30 బాత్‌లు కడితే వైద్యం చేసే పథకం 2001-02లో వచ్చింది. దానికి దశాబ్దాల ముందు నుంచే అక్కడ జిల్లా ఆసుపత్రులు కట్టుకుంటూ, కొత్త డాక్టర్లను తప్పనిసరిగా పల్లెలకు పంపుతూ వచ్చారు. కార్డు ఇచ్చేనాటికి చూపించుకోవడానికి డాక్టర్ ఉన్నాడు. మన దగ్గర కార్డు ముందొచ్చింది. అక్కడి ఫలితాన్ని ఇక్కడికి తెచ్చుకునే ముందు, దాని కింద ఏ పునాది ఉందో పత్రంలో వెతకండి.

పైలట్ ప్రాజెక్టు బ్రహ్మాండంగా వచ్చింది. రాష్ట్రమంతా పెట్టేయొచ్చా?

ఎంతకాలం చూశారో అడగండి. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో ప్రభుత్వ నర్సుల హాజరును ఒక స్వచ్ఛంద సంస్థ మెషిన్లతో గమనించింది. రాకపోతే జీతం కోత. మొదటి నెలల్లో హాజరు బాగా పెరిగింది. ఆ తర్వాత అధికారులు ‘మినహాయింపు రోజులు’ ఎక్కువగా రాసిస్తూ పోయారు. సుమారు 16 నెలలకు ఈ నర్సులకూ, నిఘా లేని నర్సులకూ తేడా లేకుండా పోయింది. ఆరు నెలలకే పత్రం రాసి ఉంటే అది విజయగాథగా దేశమంతా తిరిగేది. పైలట్‌కు దొరికే కలెక్టర్ శ్రద్ధ, అదనపు సిబ్బంది, వచ్చిపోయే బృందాలు నూరో మండలానికి దొరకవు.

పరిశోధనకు డబ్బు ఎవరిచ్చారో చూడాలా?

చూడాలి. అంతమాత్రాన కొట్టిపారేయకూడదు. పథకం నడిపేవాళ్లే దాన్ని బేరీజు వేయిస్తే, ఏ ఫలితం కొలుస్తామో ముందే నమోదు చేశారా అని చూడండి. మన దేశంలో ట్రయల్స్ నమోదుకు సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) 2007 నుంచి ఉంది. ముందు ఒకటి కొలుస్తామని చెప్పి, తర్వాత బాగా వచ్చిన ఇంకొకటి అచ్చేయడం చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

మన మండలం లెక్కలు కావాలంటే ఎక్కడ దొరుకుతాయి?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా వరకే ఆగుతుంది. మండలం, పీహెచ్‌సీ స్థాయికి సమాచార హక్కు దరఖాస్తే దారి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. ‘పథకం ఎలా నడుస్తోంది’ అని రాస్తే రెండు లైన్ల జవాబు వస్తుంది. ‘ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు, నెలవారీగా, మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవాళ్లు, కాన్పులు’ అని గడులు గీసి అడగండి.

పథకంతో ఖర్చు తగ్గిందని పరిశోధన చెబుతోంది. మా నాన్నగారి ఆపరేషన్‌కు మాత్రం కార్డు ఉన్నా చేతి డబ్బు కట్టించుకున్నారు. నా అనుభవం అబద్ధమా?

కాదు. సగటు తగ్గడం నిజమే కావచ్చు, మీకు జరిగిందీ నిజమే. మా అమ్మకు ఆపరేషన్ జరిగినప్పుడు నేనూ కట్టాను, స్కానింగుకు, మందులకు అని. రసీదు ఇవ్వలేదు. ఒక్క అనుభవం పట్టుకుని అధ్యయనం తప్పు అనలేం. కానీ దాంతో అధ్యయనాన్ని ఒక ప్రశ్న అడగొచ్చు: ఖర్చు వివరాలు ఆసుపత్రి పంపిన క్లెయిముల నుంచి తీసుకున్నారా, రోగి ఇంటికి వెళ్లి అడిగారా? క్లెయిములే ఆధారమైతే రసీదు లేని డబ్బు అందులో సున్నా. ఇంటికెళ్లి అడిగితే, ‘కార్డు కాకుండా విడిగా ఏమైనా కట్టారా, దారి ఖర్చు, తోడున్నవాళ్ల కూలి ఎంత పోయింది’ అన్న గడి ప్రశ్నావళిలో ఉందో లేదో చూడండి. ప్రశ్నావళి సాధారణంగా పత్రం చివర అనుబంధంలో పెడతారు. లేకపోతే రచయితకు మెయిల్ పెట్టండి, చాలామంది పంపిస్తారు.